మూడో పెట్టె, రెండో వైపు

మూత తీయగానే వెనిగర్ వాసన.
అసిటేట్ టేపుకి ముసలితనం అలాగే వస్తుంది,
ముందు ముక్కుకి తెలుస్తుంది, చెవికి ఆ తర్వాత.
పెట్టె మీద పెన్సిల్ రాత:
"మంగళవారం. వాన. ఓరిన్ ఆలస్యం."
ఏ సంవత్సరమో రాయలేదు.
అరవై రెండని
లోపల మడిచి పెట్టిన గ్యాస్ బిల్లు చెప్పింది.

క్లీవ్‌లాండ్‌లో, ఈ లైబ్రరీ నేలమాళిగలో
నేను చేసేది గొప్ప పనేం కాదు.
ఎండిపోయిన అతుకులు ఊడదీసి మళ్లీ అతికిస్తాను.
బయట ఈరీ సరస్సు మీంచి మంచు
అడ్డంగా కురుస్తోంది.

చక్రం తిరిగింది.
ముందు గది వినపడింది.
కుర్చీ ఈడ్చిన చప్పుడు, ఎవరిదో దగ్గు,
ఆవిరి గొట్టంలో ఎవరో ఇరుక్కుపోయినట్టు టకటక.
తర్వాత ఓరిన్ క్రెన్షా ఆల్టో శాక్సఫోన్
పాట మొదలుపెట్టలేదు,
పాటకున్న గోడలు పీకడం మొదలుపెట్టింది.
నిలబడాల్సిన చోట స్వరం నిలబడదు.
తాళం లేదనుకుంటే ఉంది,
పట్టుకోబోతే బాస్ తీగల సందుల్లోంచి జారి
లూషస్ టిబ్స్ డ్రమ్ముల కింద దూరింది.
వీళ్లు వాయిస్తుంటే క్లబ్బు యజమాని
లైట్లు ఆర్పేసేవాడట.
అందుకే ఈ గది.
లాండ్రీ షాపు మీద మూడో అంతస్తు,
నెలకి ఇంతని, ఇచ్చినప్పుడే.

పదకొండో నిమిషంలో
ధన్. ధన్. ధన్.
కింద నుంచి. చీపురు కర్రతో, పైకప్పు మీద.
ఎవరో నిద్ర చెడిన కోపంతో.
శాక్స్ ఆగింది. బాస్ ఆగింది.
ఎవరో నవ్వు మింగారు.
లూషస్ మాత్రం ఆగలేదు.
పెద్ద డ్రమ్ము మీద, మెత్తగా, మూడు.
కింద నుంచి నాలుగు.
పైనుంచి నాలుగు, చివరిది కాస్త ఎడంగా.
కింద నుంచి ఏడో ఎనిమిదో, ఇక లెక్క లేదు,
అచ్చంగా తిట్టు.
ఆ తిట్టు మీదికి దిగాడు ఓరిన్.

నాలుగు నిమిషాలు.
హెడ్‌ఫోన్ తీగ సాగినంత మేర
అటూ ఇటూ నడుస్తూ విన్నాను.
పదిహేనో నిమిషంలో టేపు పుటుక్కున తెగింది.
అతికించాను.
అతుకు దగ్గర వెంట్రుకవాసి నిశ్శబ్దం.
దాన్ని పూడ్చే యంత్రం మా దగ్గర ఉంది. వాడలేదు.

వెతగ్గా వెతగ్గా దొరికింది ఆవిడ.
వర్నీస్ హేగుడ్, ఎనభై ఎనిమిదేళ్లు,
ఊలు టోపీ తీయకుండానే కూచుంది.
వినిపించాను.
మొదటి మూడు దెబ్బలకే
ఒళ్లోంచి చెయ్యి లేచింది.
"అది నేనే."
నేనేదో పెద్ద మాట అన్నాను.
ఆ బృందంలో మీరూ ఒకరు,
పట్టీలో మీ పేరు రాస్తాను, అని.

"రాయకు.
తెల్లారగట్ల నాలుగున్నరకి
ఆస్పత్రి వంటింట్లో నా డ్యూటీ.
మూడొందల మందికి ఓట్సు ఉడకాలి.
మీవాళ్లు పైన స్వేచ్ఛ వెతుక్కున్నారు, మంచిదే.
కింద నేను నిద్ర వెతుక్కున్నాను.
నేను వాయించలేదమ్మాయ్. ఆపమన్నాను."

టేపు తిరుగుతూనే ఉంది.
బాస్ వాయించినతని పేరడిగాను.
పేరు గుర్తులేదంది,
ఇస్త్రీపెట్టె పట్టుకెళ్లి తిరిగివ్వలేదని గుర్తుంది.
కాసేపాగి, నా వంక చూడకుండా,
"ఆ డ్రమ్ముల వాడు మర్నాడు
నా గుమ్మం ముందు నారింజల సంచి పెట్టి పోయాడు.
చీటీ లేదు, ఏం లేదు.
నేను ముట్టుకోలేదు.
ఒకటి తిన్నాను."
నవ్విందో, దగ్గిందో.

పట్టీలో ఇప్పుడు ఇలా ఉంది:
ఆల్టో శాక్సఫోన్, ఓరిన్ క్రెన్షా.
డ్రమ్స్, లూషస్ టిబ్స్.
బాస్, పేరు తెలియదు.
పదకొండో నిమిషం నుంచి,
కింది అంతస్తు,
అభ్యంతరం.