అరచేతిలో చుక్క

నాలుగు రోజులుగా మా అత్తది ఒకటే మాట:
"దొరసాని సూపు కాయవే."

నోట్లో కరెంటు పెట్టి పంపారు ఆసుపత్రివాళ్లు,
ముప్పై మూడు సార్లు.
నలభై ఏళ్లు చుట్ట కాల్చిన అంగిట్లో
ఇప్పుడు మజ్జిగ కూడా నిప్పే.
పళ్లు అంతకుముందే పోయాయి.
మెత్తగా ఉండాలి, కారం తగలకూడదని
చీటీ మీద రెండు గీతలు గీసి మరీ చెప్పాడు డాక్టరు.
గుంటూరులో.
మిరపకాయల తొడాలు తీసి బతికే ఇంట్లో.

యార్డు నుంచి రాగానే చేతులు కడిగాను,
కొబ్బరినూనెతో, పెరుగుతో, బియ్యప్పిండితో.
కడిగినవే మళ్లీ కడిగి
వాసన చూస్తే తుమ్మొచ్చింది.

ఖాజావలి కొట్లో అరకిలో పెద్దకూర.
"రెండుసార్లు వెయ్యి మిషన్లో."
"కైమా ఉండలకా అక్కా?"
"సూపుకి."
అతను తల గోక్కుని మూడోసారి కూడా వేశాడు.
ఎర్రగా, దారాలు దారాలుగా దిగింది.
నల్ల కవరు తియ్యబోతే వద్దన్నాను.
బ్రాడీపేటలో అద్దెకున్న ఏడాది
కుక్కరు మీద తడిగుడ్డ కప్పి వండుకున్నాం.
అయినా ఇంటావిడ మా మెట్ల మీదే నిలబడేది,
ఊరికే, గాలి కోసమని.
ఇది సంగడిగుంట.
ఇక్కడ వాసనొస్తే గిన్నెలే వస్తాయి.

అత్త గోడవైపు తిరిగి పడుకుని వంట చేయిస్తోంది.
"ముందు ఉల్లిపాయ. ఎర్రబడనీకు,
మనం కూరొండట్లా."
అల్లం ముక్క చేతిలోకి తీసుకున్నానో లేదో
"పెట్టెయ్" అంది. ఎలా తెలిసిందో!
కైమా వేసి గరిటె వెనకతో చిదిపాను,
నీరూరి, నీరింకి,
అడుగున చిటపటమనేదాకా.
క్యారెట్టు, బీన్సు, రెండు బంగాళాదుంపలు, ఇంత క్యాబేజీ.
"బఠాణీ గింజంత తరుగు.
అంతకన్నా పెద్దదైతే పళ్లెం అంచుకి నెట్టేసేది మహాతల్లి."
దొరసానికి సొరకాయ తెలీదు.
లేతది ఇంట్లో ఉంది, వేశాను.
టమాటా ఒక్కటి. మిరియం సగం గింజైనా లేదు.
నీళ్లు పోసి మూతపెట్టి చూస్తే
పులుసు కాదు, చారు కాదు,
ఇగురు అంతకన్నా కాదు.
చింతపండు మొహం చూడని వంటని
ఏమని పిలవాలో పాలుపోలేదు.

మా అత్త పేరు నిరీక్షణమ్మ.
దొరసానికి నోరు తిరక్క "నీరా" అనేదట.
మిషన్ ఆసుపత్రి వంటింట్లో ఇరవై రెండేళ్లు,
ప్రతి బుధవారం ఈ సూపే.
"నీకెప్పుడన్నా పెట్టిందా అత్తా?"
"ఎముకలు తెచ్చుకునేదాన్నిగా.
నీ మొగుడి కాళ్లు ఆ ఎముకల పుణ్యమే."
"సూపు?"
"ఉప్పు చూసేదాన్ని.
అరచేతిలో ఒక చుక్క."
ఇరవై రెండేళ్ల బుధవారాలు.
ఎన్ని చుక్కలో, ఎన్ని గ్లాసులో
లెక్కేద్దామనుకునేలోపు గిన్నె పొంగింది.

పప్పుగుత్తితో ఎనిపి, ఫ్యాను కింద ఆరబెట్టి,
మా పెళ్లిలో వచ్చిన పింగాణీ గిన్నె
మొదటిసారి అలమరలోంచి దించి పోశాను.
చెంచా నోటిదాకా తీసుకెళ్తే
తల పక్కకి తిప్పేసింది.
అరచెయ్యి చాపింది.
ముడతల నడుమ చిన్న గుంట,
ఒక్క చుక్కకి సరిగ్గా సరిపోయేంత.
వేశాను.
నాలుక అంచు తగిలించి
చాలాసేపు కళ్లు మూసుకుంది.
"కారం ఎక్కడిదే?"

నా చేతులు కొంగు కింద దాచుకున్నాను.
అంగిలి మండింది కాబోలు, మొహం ముడుచుకుంది.
ఫ్యాను రెక్క ఒకటి టకటకమంటోంది.

"ఉప్పు సరిపోయింది," అంది.
"గిన్నె ఇటివ్వు."