గీతకి ఇవతల

రాత్రి పదకొండుకి తావొంగా కాగితం మీద చుక్క పెట్టాను:
ఏడు సెంటీమీటర్లు.
గీత దాటలేదు. సరిగ్గా దాని మీదే నిలబడింది,
లోపలికి రాని, వెళ్ళిపోని చుట్టంలా, గడప మీద.

పొట్టకి చెక్కగొట్టం ఆనించి బిడ్డ గుండె లెక్కపెట్టాను.
నూట ముప్పై రెండు.
పాఠంలో ఎలా ఉందో అలాగే ఉంది అంతా.

లుసుంగు సిస్టర్ కాగితం చూడలేదు.
లాంతరు కాస్త ఎత్తి తావొంగా ముఖం చూసింది.
"ఇందాకటిదాకా మొగుణ్ణి తిడుతూ ఉందే,
ఎప్పుడు మానేసింది?"
నేను రాసుకోలేదు.
తిట్లకి మా కాగితంలో గడి లేదు.

"మ్సిస్కాని లేపు. పడవ తియ్యమను."

బయట మ్వేరా గాలి
సరస్సుని చేటలో పోసి చెరుగుతోంది.
పెద్దాసుపత్రికి రెండు గంటలు, గాలి ఒప్పుకుంటే.
"పడవలోనే పుడితే?" అన్నాను.
"పుడితే పట్టుకుంటాను," అని
కాన్పు సంచి ఒళ్ళో పెట్టుకుంది.
ఆమె చెయ్యి వణికింది. చలికేమో అనుకున్నాను.

నడినీళ్ళలో, ఇంజను మోతలో అడిగాను,
ఎలా తెలిసింది?
"తెలియలేదు."
కాసేపయ్యాక, నన్ను కాక నీళ్ళని చూస్తూ,
"నా సొరుగు అడుగున ఒక కాగితం ఉంది. ఆరేళ్ళ కిందటిది.
అందులోనూ చుక్కలన్నీ గీతకి ఇవతలే."
అంతే. నేనూ రెట్టించలేదు.
తావొంగా మూలిగినప్పుడల్లా నడుము కింద అరచెయ్యి పెట్టి
నొప్పి దిగేదాకా తియ్యలేదు.

మూడూ నలభైకి, ఆసుపత్రి బల్ల మీద
ఆడపిల్ల. మామూలు కాన్పు. కెవ్వుమంది.
తావొంగా మళ్ళీ మొగుణ్ణి అందుకుంది.
కుర్ర డాక్టరు చేతులు కడుక్కుంటూ నవ్వాడు,
"ఇది మీ దగ్గరే అయిపోయేది కదా సిస్టర్!"
"అయిపోయేదే," అంది.

నాకు ఒళ్ళు మండింది.
ఆ తర్వాత, దాచడమెందుకు,
అతనన్నది నిజమేనేమో అనీ అనిపించింది.
ఇప్పటికీ తేలలేదు.

తెల్లారి ఒడ్డున ఆడవాళ్ళు
ఉసిపా చేపల్ని ఎండకి పరుస్తున్నారు.
లుసుంగు చెప్పులైనా విప్పకుండా రిజిస్టరు తెరిచి
పెట్రోలు ఇరవై రెండు లీటర్లు అని రాసింది.
కారణం అన్న గడి దగ్గర
కలం చాలాసేపు ఆగింది.
చివరికి ఒక్క మాట: నెమ్మదించింది.
నొప్పులా, మనిషా, తిట్లా,
ఏది నెమ్మదించిందో రాయలేదు.

ఖాళీ డబ్బా నా చేతికిచ్చి,
"చీకటి పడేలోగా నింపించు," అంది.