అర మెట్టు

గ్రిమ్స్‌బీలో మంగళవారం పొద్దున బడంతా చేపల వాసన.
గాలి రేవు వైపు నుంచి తిరిగిందంటూ
డోరీన్ కిటికీ మూస్తుంది. నేను శ్రుతిపెట్టె తెరుస్తాను.

రోవన్‌కి పద్నాలుగేళ్లు.
మాట లేదు. మెడ నిలవదు. చూపు ఎక్కడ ఆగుతుందో
కళ్ల డాక్టరుకీ అంతు చిక్కలేదు.
పొట్టలోకి సన్నటి గొట్టం,
కుర్చీ వెనక వేలాడే చిన్న పంపు,
గంటకింత చొప్పున పాలలాంటి భోజనం.

నాకిచ్చిన కాగితంలో నాలుగు గళ్లు:
గమనించాడా. స్పందించాడా. అడిగాడా. ఎంచుకున్నాడా.
సెప్టెంబరు నుంచి క్రిస్మస్ దాకా
నాలుగింటిలోనూ అడ్డగీతలే గీశాను.
నా చేతిరాతలో కాస్త అందంగా వచ్చేవి అవే.

అలాగని ఊరికే కూర్చోలేదు.
అరికాళ్ల కింద డప్పు పెట్టి వాయించాను.
వీపు కింద చెక్కపలక పరిచి దరువేశాను.
పేరు పెట్టి పాడాను, ఆగాను, మళ్లీ పాడాను.
ఆగడమే కష్టం. నలభై లెక్కపెట్టమన్నారు శిక్షణలో.
కచేరీలో నలభై అంకెలు మౌనంగా ఉంటే
జనం చెప్పులు వెతుక్కుంటారు.

ఫిబ్రవరిలో రోవన్ ఏడుపు మొదలైంది.
అరుపు కాదు, తలుపు సందులోంచి గాలి తీసే
సన్నటి ఈల. మాపూ రేపూ అదే.
పళ్లు చూశారు. తుంటికి ఎక్స్‌రే తీశారు.
మలబద్ధకం అన్నారు, మందు మార్చారు.
వాళ్లమ్మ షెరిల్ రాత్రి డ్యూటీ దిగి యూనిఫాంలోనే వచ్చి
వాడి మోకాలు నిమురుతూ కూర్చుంది.

నేను పాట ఎత్తుకున్నాను. గొంతు ఎక్కడో రాసుకుంది.
ఇన్నాళ్లూ రాసుకోలేదే!
పెట్టె తప్పా? బ్యాటరీలు మార్చాను. కాదు.
నేనా? కాకినాడలో మా పంతులమ్మ గారు
శ్రుతి తప్పితే చెవి మెలిపెట్టేవారు;
ఆ చెవి ఇంకా పనిచేస్తూనే ఉంది. నేనూ కాదు.

వంగి చూస్తే, కుర్చీ వెనక పంపు కొత్తది.
"పాతది పాడైంది, పోయిన వారం మార్చారు" అంది డోరీన్.

పాతది ఎక్కడ మూలిగేదో నా గొంతుకి తెలుసు.
నాకే తెలియకుండా ఐదు నెలలు
దాన్నే ఆధార షడ్జంగా పట్టుకుని పాడాను.
కొత్తది అర మెట్టు పైన.

అర మెట్టు.
హార్మోనియం మీద తెల్లమెట్టు నుంచి పక్క నల్లమెట్టుకి.
తొమ్మిదేళ్లు నిద్రలో, బస్సులో, స్నానాల తొట్టి పక్కన
వాడి డొక్కలో మోగిన స్వరం
రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయింది.
దాన్ని వెతుక్కుంటున్నాడు పిల్లాడు.
మేం పళ్లు చూశాం.

పక్కటెముకల దగ్గర మొహం ఆనించి
నోరు మూసి పాత సా పట్టాను.
పైన కొత్త పంపు, కింద నేను,
రెండిటి మధ్యా గాలి వణికింది.
ఈల ఆగింది.
షెరిల్ చెయ్యి ఆగింది.
నేను ఊపిరికి ఆగితే
వాడు అందుకున్నాడు,
బొంగురుగా, కఫంతో,
సరిగ్గా అక్కడే.

ఇప్పుడు మే నెల.
వారానికింత, గమకం సాగదీసినంత నెమ్మదిగా
నా సా పైకి జరుపుతున్నాను, కొత్త పంపు దాకా.
వాడు వెంట వస్తాడు. ఒక్కోసారి రాడు,
కిందికి దిగి తెచ్చుకుంటాను.
ఈస్టర్ సెలవులు కాగానే మళ్లీ మొదటికొచ్చింది.

'గమనించాడా' గడిలో, 'ఆలస్యంగా గమనించింది నేను' అని రాశాను.
కాగితం తిరిగొచ్చింది:
దయచేసి విద్యార్థి గురించి మాత్రమే నింపండి.

పెన్ను మూత కొరుకుతూ కూర్చున్నాను.
డోరీన్ కిటికీ తీసింది. చేపల వాసన.
పంపు మూలుగుతోంది.
ఇంకా వెంట్రుకవాసి కిందున్నాం
ఇద్దరం.