తడిచెయ్యి

సిరొంచ రేవులో దుర్గం పోశాలు
నన్ను తిట్టిన మొదటి తిట్టు:
"పొడిచేత్తో పట్టకు బిడ్డా,
దాని అంగీ ఊడొస్తది."

అంగీ అంటే జిగట.
గాజుపలకతో గీకి నేను సీసాలో నింపుతున్నది అదే.
కొర్రమట్ట నన్నే చూస్తోంది.
రెప్పల్లేవు, చూడక ఏం చేస్తుంది.

ఈ జిగటలో కావలివాళ్లుంటారు తాతా, అన్నాను.
యాంటీబాడీలు. తోలు కింద పుడతాయి.
బయటికి రావాలంటే ఒక్క కణం అడ్డం,
వాటికది నిండు ప్రాణహిత.
దాటించే దోనె ఒకటుంది, రిసెప్టర్ అంటాం.

"మల్ల తిరిగొస్తదా, దోనె?"

వంతెన పడ్డాక
తెడ్డును దూలానికి కట్టేసినవాడు
ఇంకేం అడుగుతాడు.

రాదు.
అవతలి గడ్డ తగలగానే తెగిపోతుంది.
సగం చెక్క, ఎక్కినవాడికే చుట్టుకుని
వాణ్ని ఏదీ కొరికి తినకుండా
వాడితోనే జిగటలో ఉండిపోతుంది.
ఒక్క బాడుగకు ఒక్క దోనె.
ఇంకొకడు దాటాలంటే కొత్తది చెక్కాల్సిందే.

పోశాలు బీడీ ఆరిపోయింది.
మళ్లీ ముట్టించలేదు.
"గట్లయితే," అన్నాడు చాలాసేపటికి,
"చెక్కెటోని కొలువు పోదు."

మోచేతిదాకా నీళ్లలో ముంచి
నా చేతిలోంచి చేపను తీసుకున్నాడు.
పక్కటెముకల మీద నేను గీకినంత మేర
మెరుపు లేదు.
బొటనవేలు అక్కడ ఆనకుండా
ఒడ్డు వాలులో వదిలాడు.

సీసా మీద తేదీ మరాఠీలో రాశాను,
ఫారంలో అట్లాగే అడుగుతారు.
చేప పేరు మాత్రం కొర్రమట్ట అనే.
జిగట ఆరని వేళ్ల కింద
'మట్ట' కొంచెం అలుక్కుపోయింది.