ఉప్పుకాగితం

అల్లిపురం సందులో నాది రేడియం షాపు.
ఆటోల వెనక వేదాంతం, బుల్లెట్ ట్యాంకుల మీద పులి కళ్ళు,
నంబరు ప్లేట్లు, పెళ్ళి కార్లకి జంట పేర్లు.
ఇరవై రెండేళ్ళుగా బ్లేడు మీద బతుకుతున్నాను.
చిత్రకారుడని ఎవరూ అనలేదు.
నేనూ అనుకోలేదు.

కరెంటు పోయిన ఒక జూన్ మధ్యాహ్నం
జాలరిపేట నుంచి ఒక గుంట వచ్చింది.
వాసుపల్లి నూకరత్నం, తొమ్మిదో తరగతి.
మోచేతి మీద ఆరిన దెబ్బ, చంకలో చక్రాల చెక్క,
చేతిలో చుట్టచుట్టిన నల్ల కాగితం.
"దీని మీద డిజైను కొయ్యాల మావా."

వేలితో రాసి చూశాను. గరగర.
"ఇది ఉప్పుకాగితం కదే!"
"గ్రిప్‌టేపు," అంది, మాస్టారు తప్పు దిద్దినట్టు.
"కాలు జారకండా."

షిప్‌యార్డులో మా నాన్న
ఇలాంటి కాగితంతోనే తుప్పు గీకేవాడు.
అన్నం కలుపుతుంటే ఆయన వేళ్ళు
గీతల్లేకుండా నున్నగా మెరిసేవి.
రేషన్ షాపు మిషను
చివరిదాకా ఆయన్ని గుర్తుపట్టలేదు.

"ఏం కొయ్యమంటావు? పుర్రె? మంటలు?"
"అంకెలు. రెండు, సున్నా, ఏడు, మూడు.
మా అయ్య బోటు నంబరు.
పోయినేడు భీమిలోళ్ళకి అమ్మేసినాడు.
ఆళ్ళు గీకేసి ఆళ్ళది రాసుకున్నారు."

బ్లేడు కింద పెట్టేశాను.
కాలి కింద అక్షరమా?
పుస్తకం పాదానికి తగిలితే
ఎవరూ చూడకపోయినా కళ్ళకద్దుకునేవాణ్ణి నేను.
"బోటెక్కినప్పుడు కాలెట్టమా మావా?
మొక్కి ఎక్కుతాం. దీనికీ మొక్కుతాను. అంతేగదా."
అంతేగదా అన్న మాటకి
నా షాపులో జవాబు స్టాకు లేదు.

ముందువైపు కోస్తే మూడు గీతలకే బ్లేడు మొద్దు.
బోర్లా తిప్పి తెల్లటి వీపు మీద కొయ్యాలి,
అంకెలన్నీ అద్దంలోలాగ.
అంబులెన్సుల నుదుట తిరగేసి రాసిన చెయ్యి నాది.
ఆపద కోసం నేర్చిన విద్య
ఆటకి పనికొస్తుందని ఎవరనుకున్నారు?
ఏడు మొహం తిప్పుకుంది, మూడు అలిగింది.
సున్నా ఒక్కటే ఎటు తిప్పినా సున్నా.

బోటుకి మిగిలిన పసుపు రంగు
దగ్గుమందు సీసాలో తెచ్చింది రత్నం.
ముందు చెక్కకి అది పూశాం, ఆరనిచ్చాం.
తరవాత కాగితం ఒక కొస అంటించి
గాలిబుడగ పట్టకుండా
పసిపిల్లకి నూనె రాసినట్టు అరచేత్తో తోశాను.
అంచుని ఆకురాయితో రుద్దితే
నలుపు చెదిరి తెల్ల గీత తేలింది, ఒడ్డున నురగ.
ఆ గీత వెంటే బ్లేడు.
స్క్రూడ్రైవరు కిందనుంచి పొడిచి
ఎనిమిది కళ్ళు తెరిచాను.

నలభై రూపాయలిచ్చింది.
మర్నాడు పొట్లం కట్టి ఎండు నెత్తళ్ళు.
చెక్కని తాకి, వేళ్ళు కళ్ళకద్దుకుని,
కాలువ పలకల మీంచి దడదడమని,
గ్యాస్ ఆటోకి జానెడు దూరంలో తప్పుకుని పోయింది.
నా గుండె కాసేపు షాపులో లేదు.

ఒక ఆదివారం తెల్లారే బీచిరోడ్డుకెళ్ళాను,
షుగరుందని డాక్టరు నడవమన్నాడని ఇంట్లో చెప్పి.
సబ్‌మెరైనుకి ఎదురుగా, బళ్ళు ఆపేసిన రోడ్డు మీద
ఎగిరింది, రెండుసార్లు పడింది.
పడినప్పుడు మాత్రమే
అంకెలు ఆకాశాన్ని చూశాయి.

దీపావళి ముందు మళ్ళీ వచ్చింది.
వెనక కాలు ఆనే చోట సున్నా లేదు.
మూడు సగం. రెండు వెలిసింది.
ఏడు ఎలా మిగిలిందో ఏడుకే తెలియాలి.
"మళ్ళీ వేసిపెట్టనా? డబ్బులొద్దులే."
"వద్దు మావా.
బోటు మీదైతే ఎవులో గీకేసినారు.
ఇది నానే అరగదీసుకున్నాను."

వెనక ఒక చిన్న గుంటడు, కొత్త చెక్కతో,
ముక్కు ఎగబీల్చుకుంటూ.
"ఈడికి ఆళ్ళ కుక్క పేరు కావాలంట."
"పేరేటిరా?"
"లడ్డు."

ఒత్తు కొయ్యడం కష్టం.
తిరగేసి కొయ్యడం ఇంకా కష్టం.
బ్లేడు మార్చాను.