గొళ్ళెం

అరోసా సముద్రపాయ ఒడ్డున
గుల్లలు ఏరే ఆడవాళ్ళ సంఘం ఆఫీసులో
ఉన్నది ఒక్కటే కంప్యూటరు.
దాని మీద ఎప్పుడూ ఉప్పు పొర.
తుడవడానికి ఒబ్దూలియా సొరుగులో
ఒక పాత మేజోడు.

నన్ను పిలిపించింది అధ్యక్షురాలు.
"తనిఖీ వస్తుంది. లెక్కలు మారుతున్నాయి," అంది.
"ఎవరని నేను అడగను.
మారకుండా చెయ్యి."

చేశాను.
మెనూలు దాచాను, పట్టికలు దాచాను,
తొలగించే బొత్తాన్ని పుచ్చుపన్నులా పీకేశాను.
తేదీ గడిలోకి నిన్నటిని రానివ్వలేదు.
మనిషికి రోజుకి పన్నెండు కిలోలు,
పదమూడు కొడితే ఎర్రపెట్టె లేచి
చెల్లదు అంటుంది.
ఆ మాట రాసింది నేనే.
కొంచెం మర్యాదగా రాయాల్సింది.

తెరిచేటప్పుడు షిఫ్ట్ మీట నొక్కిపట్టుకుంటే
ఈ తాళాలన్నీ పక్కకి తప్పుకుంటాయి.
ఆ దారి మూయడానికి ఒక్క వాక్యం చాలు.
అదీ రాశాను.
తాళం వేసి గొళ్ళెం మరిచే రకం కాదు నేను.

ఒబ్దూలియా నా వెనకే నిలబడి చూసింది.
ఇరవై రెండేళ్ళుగా ఆ కుర్చీ ఆమెది.
"ఇంక నేనేం చెయ్యొచ్చు?"
"చేర్చొచ్చు. చూడొచ్చు. అచ్చు తియ్యొచ్చు."
"తప్పు చేస్తే?"
"నాకు ఫోన్ చెయ్యండి."
నవ్విందో, దగ్గిందో.

సాయంత్రం నీళ్ళు వెనక్కి తీశాక
నేనూ దిగాను బురదలోకి, ఊరికే.
నడుములు వంచి ఇసుక గీకుతూ
ముప్ఫై తొమ్మిది మంది.
లెక్కపెట్టడం నా జబ్బు.
సబేలా నా చేతిలో ఒక ఇనుపపలక పెట్టింది,
నడిమధ్య కన్నం.
కన్నంలోంచి జారిన గుల్ల ఇంకా పసిది,
తిరిగి నీళ్ళలోకి.
"మా ఎర్రపెట్టె ఇదే," అంది. "అరవదు."

నెల తిరిగాక లెక్కలు తెరిచాను.
కడిగిన పళ్ళెంలా ఉన్నాయి.
దోరిండా పేరు పక్కన మాత్రం
సున్నా, సున్నా, సున్నా,
చివరిదాకా.

పాత నెలలు తిరగేశాను.
అప్పుడూ ఆమె నీళ్ళలోకి దిగలేదు,
తుంటి విరిగి మంచాన పడి ఉంది.
అయినా రోజూ ఆమె పేరు మీద
మూడు కిలోల తొమ్మిది వందల గ్రాములు.
అదే రోజు మిగతావాళ్ళ తూకం
తలా వంద గ్రాములు తరుగు.

కాగితం మీద గుణించి చూశాను.
మళ్ళీ గుణించాను.
ఫ్యాన్ తిరుగుతూనే ఉంది
కంప్యూటరు లోపల.

బస్సెక్కి వెళ్ళాను.
ఒబ్దూలియా ఏమీ అనలేదు.
మేజోడు పక్కకి జరిపి
నీలం అట్ట నోటుపుస్తకం బల్ల మీద పెట్టింది.
నేను తాళం వేసిన రోజు నుంచి
ఒక్క రోజూ తప్పలేదు, వంద గ్రాములు.
డబ్బు శుక్రవారం కవరులో వెళుతుందట.
"ఆ పెట్టె నీది," అంది, "ఇది మాది."

ఏం అనాలో తెలియక
పని చేసుకున్నాను.
ఫారం అడుగున ఒక కొత్త గడి పెట్టాను,
ఏ నియమమూ కట్టకుండా.
"ఇందులో ఏం రాయాలి?"
"ఏదైనా."
"ఎన్ని అక్షరాలు?"
"రెండు వందల యాభై అయిదు."
"మరి ఏదైనా అంటావేం."

ఆమె కాఫీ పెట్టడానికి లేచినప్పుడు
షిఫ్ట్ మీట దారి మూసిన ఆ వాక్యాన్ని
చెరిపేశాను.
చెప్పలేదు.
అడగలేదు కూడా,
తిరిగొచ్చి నా ముఖంలోకి
అవసరమైనదానికన్నా ఒక్క క్షణం ఎక్కువ చూసింది.

తర్వాతి నెల ఫైలు వచ్చింది.
కొత్త గడి అంతా ఖాళీ.
దోరిండా వరసలో సున్నాలు అలాగే.
నోటుపుస్తకం అలవాటైపోయినట్టుంది.

పదిహేడో తేదీన మాత్రం
ఒక్క చోట టైపు చేసి ఉంది:
వాన. ఎవరూ దిగలేదు.
దోరిండా కర్ర పట్టుకొని వాకిలి దాకా వచ్చి
మమ్మల్ని తిట్టింది.