మూడో రీలు

సిరొంచల అంగడి ఎత్తిపోయినంక
ఉల్లిపొట్టు మీదనే డేరా లేసేది.
మగోళ్లు ఇటు, ఆడోళ్లు అటు, నడుమ ఒక తాడు.
తాడుకు ఏ దిక్కూ కానిది బానక్క ఒక్కతే.
తెర పక్కన, పల్లీల గంప మీద ఒక కాలు పెట్టి
మైకు లేకుంట డేరా అంత వినపడేటట్టు
హిందీని తెలుగు చేసేది.

బల్లార్షా బొగ్గుబాయి కాడ ఆరేండ్లు తట్ట మోసింది.
ఆ మోతల అంటుకున్న హిందీ.
ఎంత రుద్దినా పోలేదనేది.

తెల్లకోటు విలను మొసళ్ల గుంట పక్కన నిలబడి
చుట్ట ముట్టించి రెండు ముక్కలంటే
బానక్క ఇరవై చెప్పేది.
"యాభై ఆకులకు ఒక కట్ట అన్నడు,
ఇప్పుడు డెబ్బై పెట్టుమంటున్నడు,
పైసలడిగితే చేతులిరుస్తడట, దొంగ సేటు!"
తునికాకు మరకలు పోని చేతులు
చీకట్ల పిడికిళ్లయ్యేవి.

హీరో గోదాంలకు దుంకేటోడు.
ఖాళీ డ్రమ్ములు. అట్టపెట్టెలు.
ఎక్కడివో అన్ని అట్టపెట్టెలు!
దెబ్బ తాకకముందే చప్పుడొచ్చేది.
మా ఓదెలు మామ అనేటోడు,
"న్యాయం గట్లనే ఉండాలెరా,
ముందుగాల వినపడాలె."

నేను రీళ్లు చుట్టే పోరగాన్ని.
ఆకు పైసలు చేతికొచ్చే రోజులల్ల
ఏటా అదే సినిమా, అవే డబ్బాలు.
పద్నాలుగు రావాలె, పదమూడొచ్చేవి.
మూడోది అహేరి తొవ్వల వాగుల పడ్డదని ఒకడు,
చంద్రపూర్ల కాలిపోయిందని ఒకడు.

రెండో రీల్ల అమ్మ, ఇద్దరు పిల్లలు, ఒక రైలు,
సగానికి విరిగిన లాకెట్టు.
నాలుగో రీల్ల ఒకడు పోలీసు, ఒకడు దొంగ,
అమ్మకు చూపు లేదు.
నడుమ ఏమైందో
ఉత్త తెల్ల తెర ముంగట నిలబడి
బానక్క చెప్పాలె.

ఒక ఏడు చిన్నోడు రైలు దిగి నీళ్లకు పోయిండు.
ఒక ఏడు ప్రాణహితల పడవ మర్లబడ్డది.
రైలు సంగతేందని ఎవ్వరడగలె.
ఒక ఏడు మాత్రం, గొంతు తగ్గించి,
"తమ్ముని చెయ్యి నేనే ఇడిసిన" అన్నది.

నేను, అన్నది.
తాడుకు రెండు దిక్కుల పల్లీలు ఒలిచే చప్పుడాగింది.
నాలుగో రీలు నా చేతులనే ఉండిపోయింది,
ఎవ్వరూ ఈల కొట్టలె.

ఆ రాత్రి ఆఖరుకు
లాకెట్టు ముక్కలు అతికినప్పుడు,
మంటలు దాటి తమ్ముడు అన్న మీద పడ్డప్పుడు
బానక్క ఒక్క ముక్క తెలుగు చెయ్యలె.
హిందీల హిందీ ఏడ్చుకుంట పోయింది.
ఒక్కలకన్న సమజు కాకపోతే ఒట్టు.

నాకిప్పుడు హిందీ మంచిగనే వస్తది.
సంతకం మరాఠీల పెడ్త.
పోయిన నెల ప్రాణహిత వంతెన మీద
ఇసుక లారీల లైన్ల మూడు గంటలు ఇరుక్కుంటే
ఫోన్ల ఆ సినిమా దొరికింది, మొత్తం.

మూడో రీలు ఉన్నది.
ఏముందనుకున్నరు?
ఒక పుట్టినరోజు. కేకు. గులాబీల నడుమ ఒక పాట.
పిల్లలు ఎట్ల తప్పిపోయిండ్రో
సినిమా చెప్పనే చెప్పలె.
రైలు కూత, పొగ,
ఇరవై ఏండ్ల తర్వాత అని అక్షరాలు.
విలను అన్నవి నిజంగ రెండే ముక్కలు,
అందుల ఆకుల ముచ్చట లేదు.

అయినా డిష్యుం అన్నప్పుడల్ల
నా బొటనవేలు చెప్పుల ముడుసుకున్నది.
సిగ్గేం లేదు.

స్టీరింగు మీద గదువ ఆనించి
క్లీనరు పిల్లగాడు తొంగి చూసిండు.
వేమనపల్లి దిక్కు పోరడు, హిందీ రాదు.
"ఏమంటున్నడు కాకా ఆ తెల్లకోటోడు?"

సౌండు తగ్గించిన.
బొమ్మ మాత్రం ఉండనిచ్చిన.
"యాభై ఆకులకు ఒక కట్ట అన్నడు బిడ్డా,
ఇప్పుడేమో..."